టర్బో చల్లారేదాకా

మొన్న ఏలూరు ఫైర్ స్టేషన్ సెంటర్‌లో ఎర్ర లైటు పడగానే మా కొత్త కారు ఇంజను తనంతట తనే ఆగిపోయింది. ఇప్పటి కార్లకి అదొక సుగుణమట, పెట్రోలు ఆదా అవుతుందట. పక్క సీట్లో మా ఆయన మురిసిపోయారు. నాకు మాత్రం, వేడి మీదున్న ఇంజను అలా టక్కున ఆగిపోతే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. మా మావయ్యగారి జపాన్ కారు నాకు చేసిన అలవాటు అది.

మావయ్యగారు హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తాడేపల్లిగూడెంలో ఆయనతోపాటే ఉండేవాళ్లం. మా ఆయనది రైల్వేలో గార్డు ఉద్యోగం, ఇంట్లో కంటే రైల్లో గడిపిన రోజులే ఎక్కువ. అత్తయ్యగారు నా పెళ్లయిన రెండో ఏడే పోయారు. దాంతో ఇంట్లో ఎప్పుడూ ఆయనా, నేనూ. ఆయన అసలే మితభాషి, కోడలితో అయితే మరీను. "కాఫీ అమ్మా" అని ఆయనా, "ఇదిగోనండి మావయ్యగారూ" అని నేనూ. రోజు మొత్తానికి మా సంభాషణ అంతే.

అలాంటి మనిషి ఒకరోజు, రొయ్యల చెరువులు మానేసిన పాత శిష్యుడి షెడ్డులో పడి ఉన్న తెల్ల కారుని ఇంటికి తోలుకొచ్చారు. చూడ్డానికి నాలుగు తలుపుల సంసారపు కారే. కానీ బురదలోనూ, రాళ్లలోనూ ర్యాలీ పందేలు పరుగెత్తే కార్ల వంశం దానిది. బానెట్ మీద గాలి పీల్చుకోవడానికి పెద్ద కంత, వెనక డిక్కీ మీద ఓ రెక్క. ఆ రెక్క దేనికో అర్థంకాని ఎదురింటి పిన్నిగారు మూడోనాడు దాని మీద గుమ్మడి వడియాలు పెట్టారు. మావయ్యగారు వడియాలు ఎండేదాకా కారు బయటికి తియ్యలేదు, అంతే.

మొదట్లో ఆ కారు మా మీద అలిగింది. మావయ్యగారు దాన్ని సైకిలు తొక్కినంత నెమ్మదిగా నడిపేవారు. అది దగ్గేది, నల్లటి పొగ వదిలేది. చివరికి మెకానిక్ సాయిబుగారు బానెట్ ఎత్తి చూసి, "మాస్టారూ, మీరు దీన్ని మరీ ముద్దు చేసేశారండీ. ఇది పరుగెత్తడానికి పుట్టిందండీ, పరుగెత్తనివ్వాలి. కానీ ఇంటికి రాగానే తాళం తిప్పెయ్యకండి. ఓ రెండు నిమిషాలు ఇంజనుని అలా ఉండనిచ్చి అప్పుడు ఆపండి" అన్నారు.

ఆ సాయంత్రం మావయ్యగారు క్యాలెండర్ కాగితం వెనక బొమ్మ గీసి నాకు పాఠం చెప్పారు. బయటికి పోయే పొగ ఓ చిన్న చక్రాన్ని తిప్పుతుందట. టర్బో అనే ఆ చక్రం ఇంజనులోకి మరింత గాలిని తోస్తుందట. "పోయే పొగని కూడా ఊరికే పోనివ్వదమ్మా ఇది" అన్నారు, పదోక్లాసు పిల్లలకి చెప్పినంత ఇష్టంగా. ఇంజను ఉన్నట్టుండి ఆపేస్తే ఆయిలు అందక, కాలిపోతున్న ఆ చక్రం ఇరుసు పాడైపోతుందట. అందుకే ఆ రెండు నిమిషాలు.

ఏడాది తిరక్కుండానే ఆయన కంటిచూపు మందగించింది. నీటికాసులన్నారు డాక్టరుగారు. స్టీరింగు నా చేతికొచ్చింది. నేర్పింది ఆయనే. నల్లజర్ల రోడ్డు మీద, ఇంజను వేగం చూపే మీటరు ముల్లు మూడు వేలు దాటగానే వెనకనించి ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు కారు ముందుకు దూకితే, నేను బ్రేకు తొక్కేశాను. "భయపడకమ్మా. తొయ్యడం దాని పని, పట్టుకోవడం నీ పని" అన్నారు, తాపీగా.

ఇంటికొచ్చాక గేటు లోపల ఆ రెండు నిమిషాలూ ఇద్దరం ఎదురుగోడకేసి చూస్తూ కూర్చునేవాళ్లం. దిగిపోవడం ఆయనకి మర్యాద కాదు, నాకూ కాదు. కొన్నాళ్లకి మాటలు మొదలయ్యాయి. ముందు జామచెట్టు గురించి, తరవాత ఆయన చిన్నతనం గురించి, అత్తయ్యగారి పులుసు గురించి. ఎన్నేళ్లుగానో ఒకే ఇంట్లో ఉండి చెప్పుకోనివన్నీ ఆ కార్లో చెప్పుకున్నాం.

ఓ సాయంత్రం ఏలూరులో కళ్లు చూపించుకుని వచ్చాం. ఇంజను నడుస్తోంది. మావయ్యగారు రుమాలుతో కళ్లు ఒత్తుకుంటూ అన్నారు: "బడులు తెరిచేశారు కదమ్మా. మన పిల్ల ఉండుంటే రెండో క్లాసు."

 ఏడేళ్ల కిందట, నెలలు నిండకుండా, ఊపిరి లేకుండా పుట్టిన పిల్ల. నాకు తెలివి వచ్చేసరికే అంతా అయిపోయింది. మొహం కూడా చూడలేదు. ఆ తరవాత మాకు పిల్లల్లేరు. ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. మా ఆయనైతే అసలు ఎత్తనిచ్చేవారే కాదు. అలాంటిది ఈయన పిల్లని ఏటేటా ఒక క్లాసు పైకి పంపిస్తున్నారు.

"ఎక్కడ పెట్టారండీ?" అని అడిగాను. 

"మనూరి సమాధుల తోటలో. మీ అత్తయ్యకి కుడిపక్కన. నా చేతులతోనే దించాను. మీ ఆయన టాక్సీ దిగలేకపోయాడమ్మా."

మనూరంటే ముదినేపల్లి అవతల ఆయన పుట్టిన ఊరు. ప్రతి ఈస్టరుకీ అక్కడికెళ్లి, అత్తయ్యగారి సమాధి మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చేదాన్ని. కుడిపక్కనే చెప్పులు విడిచేదాన్ని.

"నీకు చెబితే తట్టుకోలేవన్నారు అందరూ. నేనూ సరేనన్నాను. తప్పు చేశానమ్మా" అన్నారాయన.

స్టీరింగు మీద తలవాల్చి ఏడ్చాను. కాసేపటికి, టైమైపోయిందని గుర్తొచ్చి తాళం మీద చెయ్యి వేశాను. "ఆపకమ్మా, ఉండనీ" అన్నారు. చీకటి పడేదాకా ఆ ఇంజను అలా నడుస్తూనే ఉంది.

ఆ శనివారం ముగ్గురం వెళ్లాం. కొల్లేరు దిగువన చేపల చెరువుల గట్ల మీద గతుకుల దారి. ఊళ్లో ప్రతి గుంటకీ నడుం విరిచే కారు, ఆ దారిలో మాత్రం సొంతూరికి వచ్చినట్టు సాఫీగా పోయింది. వెనక సీట్లో మా ఆయన చెరువులకేసి చూస్తూ కూర్చున్నారు. తోట దగ్గర నేనూ, మావయ్యగారూ దిగాం. ఆయన చేతికర్రతో నేల మీద చోటు చూపించారు. గరిక, నాలుగు గడ్డిపూలు, అంతే. కూర్చుని ఆ మట్టి మీద చెయ్యి పెట్టాను. కాసేపటికి కారు తలుపు చప్పుడైంది. మా ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఏం పేరనుకున్నావని అడిగారు. చెప్పాను. ఆ పేరుతో చిన్న రాయి వేయించాం.

మావయ్యగారు వెళ్లిపోయి తొమ్మిదేళ్లయింది. ఆయన సమాధీ అక్కడే. విడిభాగాలు దొరక్క కారుని సాయిబుగారికే ఇచ్చేశాం. ఎవరికీ అమ్మలేదు ఆయన, షెడ్డులో తుడిచి పెట్టుకున్నారు.

ఈ జూన్‌లో ఒకరోజు పొద్దున్న, మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "డిగ్రీ అయిపోయుండేది కదా ఈపాటికి" అన్నారు. ఎవరికని నేను అడగలేదు. "పీజీ చేస్తానంటోందేమో" అన్నాను. ఇద్దరం కాఫీ తాగాం. పోయినవాళ్లకి వయసు ఆగిపోతుందనుకుంటాం గానీ, ఇంట్లో తలుచుకునేవాళ్లు ఒక్కరున్నా కాలం వాళ్లనీ మనతోపాటే పెంచుకుంటూ వస్తుంది.