వేడెక్కిన చోట చెయ్యి పెట్టు

మా చిన్నాయన పోయిన వారం మరణించాడు. మౌలాలి గుట్ట వాలులో, ఈ వీధిలోనే ఆయన ఇల్లు. ఆయన దేహం ఇంకా ఇంట్లో ఉండగానే ఒక అభియోగం వచ్చి వాకిట్లో కూర్చుంది: "నడుస్తున్న బండిని పెండ్లామే బందు చేసింది. చేయకుంటే మనిషి దక్కేటోడు." ఆ మాట మా చిన్నమ్మ చెవిన పడింది. అప్పటి నుంచి ఆమె కడుపునిండా తిన్నది లేదు, బండి తాళంచెవిని పిడికిట్లోంచి వదిలిందీ లేదు. ఈ సంతాప సభలో నాలుగు మంచి మాటలు చెప్పమని కాలనీ పెద్దలు నన్ను అడిగారు. చెబుతాను. కానీ ఆ అభియోగానికి జవాబు చెప్పకుండా ఆయన గురించి ఒక్క మాట కూడా నిజాయితీగా చెప్పలేను.

ఆయన వినయశీలి అని ఎవరైనా అంటే నవ్వేవాడు. గొప్పలు చెప్పుకోవడం ఆయనకు ఇష్టం, వాదించడం ఇంకా ఇష్టం. మాదాపూర్ వైపు కొత్తగా లేస్తున్న అద్దాల ఆఫీసులకు తన పాత డీజిల్ పికప్‌లో కుర్చీలు చేరవేసేవాడు. "ఒక్కొక్క కుర్చీకి ఐదు చక్రాలు, నా బండికి నాలుగే. ఇప్పుడు చెప్పు, ఎవరిని ఎవరు మోస్తున్నరు?" అని నన్ను నిలదీసేవాడు. విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి నేను వాళ్ల ఇంట్లోనే ఉంటున్నాను. వక్తృత్వ పోటీ నుంచి నేను అరుచుకుంటూ ఇల్లు చేరిన ప్రతిసారీ చిన్నమ్మతో అనేవాడు: "దీని నోటికి సెల్ఫ్ అక్కర్లేదే. చాబీ పెట్టకముందే షురూ అయితది."

ఇంజన్‌ను మొదటిసారి తిప్పి లేపే మోటారును మెకానిక్కులు సెల్ఫ్ అంటారు. ఆ బండికి ఉన్న జబ్బల్లా అదే. చాబీ తిప్పితే 'టక్' మని ఒక చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. చిన్నాయన సెల్ఫ్‌ను నానా తిట్లూ తిట్టి, దాన్ని పీకించి కొత్తది వేయించాడు. కొత్తది కూడా 'టక్' మంది. అప్పుడు రాణిగంజ్‌లో ఒక మెకానిక్కు ఏ విడిభాగాన్నీ విప్పకుండా, చాబీ తిప్పుతూ ఉండమని చెప్పి, లావుపాటి కేబుళ్ల కొసలను ఒక్కొక్కటిగా చేత్తో పట్టి చూశాడు. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు బిగించిన ఎర్త్ కేబుల్ కొస చెయ్యి కాలేంత వేడెక్కి ఉంది. బోల్టు కింద తుప్పు. "పాత సెల్ఫ్‌ను ఉట్టిగనే బద్నాం చేసినవ్ భయ్యా" అని ఆ మెకానిక్కు పడీ పడీ నవ్వాడట.

తన మీద పేలిన ఈ హాస్యాన్ని చిన్నాయన ఊరంతా మోసుకు తిరిగాడు. తర్వాత దాన్ని ఇంటి శాసనం చేశాడు. ఎవరిమీద ఎవరు ఫిర్యాదు తెచ్చినా ఒకటే తీర్పు: "ముందుగాల వేడెక్కిన చోట చెయ్యి పెట్టు." ఒకసారి నేను పోటీలో ఓడి న్యాయనిర్ణేతలను దుయ్యబడుతుంటే ఓపికగా విని, "సరే గని, ఏ ప్రశ్న కాడ నీకు వేడెక్కింది?" అని అడిగాడు. నేను విసురుగా లేచి వెళ్లిపోయాను.

ఆయన నేర్పిన పరీక్ష మరొకటి ఉంది. హెడ్‌లైట్లు వేసి చాబీ తిప్పాలి. లైట్లు తగ్గకుండా 'టక్' మంటే సెల్ఫ్‌ను అనుమానించు. లైట్లు కొడిగడితే సెల్ఫ్ జోలికి పోకు, బ్యాటరీనీ కేబుళ్లనూ చూడు. ఏదీ తేలకపోతే ఉన్నది గుట్ట. అందుకే ఆయన బండిని ఎప్పుడూ ముక్కు వాలువైపు పెట్టి నిలిపేవాడు. రెండో గేరులో జారనిచ్చి క్లచ్ వదిలితే ఇంజన్ తానే లేచేది. "ఎవ్వన్నీ బతిమాలే పన్లేదు. గుట్టనే నూకుతది" అనేవాడు. కాసేపటి కోసం ఆగితే ఇంజన్ ఆపేవాడే కాదు.

ఆ ఉదయం కుర్చీలు ఎక్కించుకుని బయలుదేరినవాడు సగం దారిలో వెనక్కి వచ్చాడు. అలవాటు ప్రకారం ఇంజన్ నడుస్తుండగానే దిగి, గడప మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. పై అంతస్తులో ఉంటున్న విశాఖ వైపు కుటుంబంలోని అమ్మాయి పిలిచింది: "ఆంటీ, కాస్త ఆ బండి ఆపుతారా? పొగంతా పాప గదిలోకొచ్చేస్తందండి." చిన్నమ్మ వెళ్లి చాబీ తిప్పి ఆపింది. నీళ్ల గ్లాసు ఆయన చేతిలోంచి జారింది అప్పుడే.

ఇద్దరం కలిసి ఆయన్ను బండిలో ఎక్కించాం. స్టీరింగు ముందు నేను కూర్చున్నాను. చాబీ తిప్పాను. టక్.

"లైట్లెయ్" అన్నాడు, చొక్కా గుండె దగ్గర పిడికిట పట్టుకుని. "మళ్ల తిప్పు. కొడిగడుతున్నయా?"

"అవును చిన్నాయనా."

"సెల్ఫ్ గాదు. జారనియ్."

జారనివ్వడానికి ముందు చోటు లేదు. బండి ముక్కుకు ఆనుకుని ఒక కొత్త కారు, హ్యాండ్‌బ్రేకు వేసి, తాళం వేసి ఉంది. చిన్నమ్మ ఇల్లిల్లూ తలుపు బాదింది: "ఎవరిది బిడ్డా ఈ కారు? జెర తియ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుతా!" నేను గొంతు చించుకుని అరిచాను. సభలు గెలిచిన నా గొంతు ఒక్క కారును కదిలించలేకపోయింది. బాల్కనీల్లో మనుషులు కనిపించారు. నేను తలెత్తి చూసినప్పుడు కొందరు లోపలికి వెళ్లారు. మళ్లీ చాబీ తిప్పాను. టక్. మళ్లీ. టక్. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్ల మధ్య ఉంది.

చివరికి రోడ్డు మీద నుంచి ఒక ఆటో దొరికింది. ఆసుపత్రి చేరకముందే ఆయన వెళ్లిపోయాడు. ఆటోలో చిన్నమ్మ చేతిని తడుముతూ, "పసిపిల్ల ఉన్నదన్నరు గద, ఆపినవ్. మంచిగ చేసినవ్" అన్నాడు. ఆటో మోతలో ఆమెకది వినబడలేదట. నేను విన్నాను. సాక్ష్యం చెబుతున్నాను.

ఇక అభియోగానికి వస్తాను. ఎర్త్ కేబుల్ మళ్లీ తుప్పుపట్టిన సంగతి ఆయనకు తెలుసు. ఈ లోడు దించి రాణిగంజ్ పోతానని వాయిదా వేశాడు. అది ఆయన అశ్రద్ధ, కాదనను. కానీ ఒక పసిపిల్ల కోసం పొగ ఆపిన స్త్రీ ఏ న్యాయం ప్రకారం దోషి? మీరు ఆమెను ఎందుకు ఎంచుకున్నారో నాకు తెలుసు. 'టక్' మన్నది కాబట్టి ఆయన సెల్ఫ్‌ను ఎంచుకున్నాడు. తాళంచెవి ఆమె చేతిలో కనబడింది కాబట్టి మీరు ఆమెను ఎంచుకున్నారు.

నేను ఆయన పద్ధతే పాటించాను. ఇందాక నా వంతు రాకముందు, ఆ కారు ఎవరిదని మామూలుగానే అడిగాను. కాలనీ సంఘం అధ్యక్షుడు కుర్చీలోంచి లేచాడు: "ఏందమ్మా, సావు కాడ కార్ల పంచాయితీ ఏంది?" వెనుక వరుసల్లో గొంతులు లేచాయి. అప్పటిదాకా చల్లగా నిట్టూర్చిన సభ అక్కడ వేడెక్కింది. చెయ్యి అక్కడే పెడుతున్నాను.

ఆ కారు యజమానిని నేను హంతకుడనను. రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఒళ్లెరగక నిద్రపోయి ఉంటాడు. అతని మీద నేరం మోపితే చిన్నమ్మ మీద మీరు మోపినదానికీ దానికీ తేడా ఉండదు. కానీ అది చిన్న కారు. నలుగురు దిగివస్తే వెనుక చక్రాలు ఎత్తి పక్కకు జరపగలిగేవాళ్లం. దిగివచ్చింది ఎవరు? బ్యాటరీ ఉంది, సెల్ఫ్ ఉంది, గుట్ట ఉంది. ఒకరిని ఒకరికి కలిపే చోట తుప్పు ఉంది.

బండిని తుక్కుకు తోలించాలని సంఘం కోరుతున్నట్టు విన్నాను. అది ఇప్పటికీ ముక్కు వాలువైపే పెట్టి నిలబడి ఉంది. దాని వెనుక కుర్చీలు ప్లాస్టిక్ కప్పుకుని, ఎవరూ కూర్చోకుండా అలాగే ఉన్నాయి. ఈరోజు దాని ముందు ఏ కారూ లేదు. అయినా దాన్ని గుట్టే నూకనీ అని వదిలేయడానికి నేను ఒప్పుకోను. నేను స్టీరింగు పట్టుకుంటాను. పక్క సీట్లో చిన్నమ్మ కూర్చుని, పిడికిలి విప్పి, చాబీ తానే తిప్పుతుంది. ఆమె మీద వేసిన మాట వెనక్కి తీసుకునేవాళ్లు ఇప్పుడే లేచి, బాల్కనీల్లోకి కాదు, వీధిలోకి రండి. బండి మీద చేతులు వేయండి. నూకండి.