మొదటి పరీక్ష కామారెడ్డిలోనే

మా మేడం పోయారు. రెండు వారాల కిందటి మంగళవారం పొద్దున, నేను రామారెడ్డి నుంచి కాలేజీకి వచ్చే బస్సులో ఉండగా ఎల్లారెడ్డి నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క ఇగ లేదమ్మా. గుండె ఆగిపోయింది," అన్నాడు. కామారెడ్డిలో దిగి, కాలేజీకి వెళ్లకుండా అదే బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కాను.

అక్కడ ఒకాయన, "కొవ్వుల మీద గంత చదివిన మనిషి గుండెజబ్బుతోనే పోవుడేంది?" అన్నాడు. నేను ఊరుకోలేదు. "జబ్బు మనిషి చదువు అడిగి వస్తదా?" అన్నాను. చావు ఇంట్లో గొంతు పెంచానని నన్ను కసిరినవాళ్లున్నారు. మేడం ఉంటే ఇంకా గట్టిగా చెప్పేవారు.

ఆమె మా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. నేను ఆమె దగ్గర చదివి, ఆమె ల్యాబులోనే పనికి కుదిరాను. నూనెలు, కొవ్వులు దేనితో తయారవుతాయి, మన ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తాయి అన్నది ఆమె పట్టుకున్న శాస్త్రం. లిపిడ్ సైన్స్ అంటారు. అందులోనూ కుసుమ నూనె అంటే ఆమెకు ప్రాణం. తండ్రిది ఎల్లారెడ్డిలో గానుగ, ఇప్పుడు తమ్ముడు నడుపుతున్నాడు. కొత్త నూనె ఏది వచ్చినా ముందు మణికట్టు మీద ఓ చుక్క రుద్ది వాసన చూసేవారు. నూనెలోని కొవ్వులను విడదీసి గ్రాఫు గీసే పరికరం సంగతి ఆ తర్వాతే.

కామారెడ్డిలో కూర్చుని విదేశాలతో కలిసి పరిశోధన చేస్తానంటే నవ్వినవాళ్లు తక్కువేం కాదు. యూరప్‌లోని ఒక పెద్ద ల్యాబు మొదట రాసిన ఉత్తరం నాకింకా గుర్తుంది. నూనె సీసాలు మీరు పంపండి, పరీక్షలు మేం చేస్తాం, వ్యాసం చివర మీకు కృతజ్ఞతలు చెబుతాం, అంతే. మేడం ఆ కాగితం నా ముందు పడేసి, "మనం సీసాలు నింపెటోళ్లమేనా?" అన్నారు. వెంటనే జవాబివ్వలేదు. కుసుమ పండే ఇథియోపియాలో, మెక్సికోలో మాలాంటి చిన్న ల్యాబులు వెతికి ముందు వాళ్లకు రాశారు. అందరూ ఒక్క మాట మీదికి రావడానికి ఏడాది పట్టింది. అప్పుడు మూడు ల్యాబుల సంతకాలతో వెళ్లింది జవాబు: గింజ ఎక్కడ పండితే మొదటి పరీక్ష అక్కడే. రెండోది మీ దగ్గర. రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం, వ్యాసం అందరం కలిసి రాద్దాం.

ఆ ఉత్తరం చిత్తుప్రతిలో నేను 'దయచేసి' అని నాలుగు చోట్ల రాస్తే మూడు కొట్టేశారు. "మర్యాదకు ఒక్కటి చాలు. మిగిలినయి అడుక్కున్నట్టుంటయ్," అన్నారు. ఆన్‌లైన్ మీటింగుల వేళలు కూడా వంతులవారీగా పెట్టించారు. ప్రతిసారీ అర్ధరాత్రి దాకా మేలుకునే ఇబ్బంది మాకే ఎందుకుండాలని ఆమె పట్టు.

ఒప్పందం కుదిరింది కానీ మొదటి సీసాకే గొడవ వచ్చింది. మా పరికరం గీసిన గ్రాఫు చివర కొన్ని చిన్న శిఖరాలు కనిపించాయి. కుసుమ నూనెలో అంత ఉండకూడని కొవ్వులవి. వాళ్ల గ్రాఫు మాదానికన్నా పొట్టిది, అందులో అవి లేవు. మీ పరికరంలో పాత నూనె మిగిలి ఉంటుంది, ఇకపై పరీక్షలన్నీ మా దగ్గరే చేద్దాం అని ఆ ల్యాబు ప్రొఫెసర్ రాశాడు. మేడం పరికరం విప్పించి, కడిగించి మళ్లీ నడిపించారు. మళ్లీ అవే శిఖరాలు. "మన మిషన్ అబద్ధం చెప్తలేదు. పా, ఎల్లారెడ్డి పోదం," అన్నారు. ఎందుకంటే సీసాలో ఉన్నది ఆమె తమ్ముడి గానుగ నూనే. దాని మీద 'శుద్ధమైన కుసుమ నూనె' అని తన చేత్తో రాసిందీ ఆమే.

గానుగ దగ్గర తమ్ముణ్ని సూటిగా అడిగారు. "కుసుమలల్ల ఇంకేం కలుపుతున్నవ్‌రా?"

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "నేనేం కలుపుతక్కా? పొద్దుగాల రోలు ఎండిపోయుంటది. తొలి వాయికి ముందుగాల నాలుగు దోసిళ్ల పల్లీలేసి తడుపుతం. బాపు ఉన్నప్పటి సంది గంతే గదా."

మేడం పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. "తెల్సురా. చిన్నప్పుడు ఆ పల్లీలు ఏసింది నేనే," అన్నారు. మేము సీసాలో పట్టుకొచ్చింది ఆ తొలి వాయి నూనె. ఆ శిఖరాలు పల్లీనూనె ఆనవాళ్లు. పుట్టినప్పటి నుంచి కళ్ల ముందు జరిగే పని కాబట్టి అది కలపడమని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

నేనైతే దాచేదాన్నే. "వేరే నూనె పంపుదం మేడం, ఎవలకు ఎర్కయితది?" అన్నాను కూడా. "మనకు ఎర్కనే గదా," అన్నారామె. మరునాడే ఉత్తరం రాశారు. నూనె విషయంలో తప్పు నాది, మా ఇంటి గానుగ అలవాటు నేనే మరిచాను. పరీక్ష విషయంలో తప్పు మీది, మీరు దాన్ని మధ్యలో ఆపేశారు. చివరిదాకా నడిపి చూడండి. వాళ్లు నడిపి చూశారు. శిఖరాలు కనిపించాయి. ప్రొఫెసర్ ఒప్పుకుని జవాబు రాశాడు. తన తప్పు దాచకుండానే ఎదుటివాడి తప్పు చూపించొచ్చని నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆమె పోయి దినాలు కూడా కాకముందే, పెద్ద ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. సంతాపం రెండు వాక్యాలు. దాని కింద, ఆమె లేరు కనుక ఈ ఏడాది కామారెడ్డి సీసాలు పరీక్ష లేకుండా నేరుగా తమకే పంపమని. "ఒప్పుకుంటే అయిపాయె గదమ్మా. మేడం ఉన్నప్పుడు వేరు. నువ్వొక్కదానివి ఏం కొట్లాడుతవ్?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన నా మంచికే అన్నారు. నాకూ భయంగానే ఉంది. మీటింగుల్లో మేడం పక్కన కూర్చుని కాగితాలు అందించానే తప్ప ఏనాడూ నోరు విప్పలేదు. కానీ ఒక్క ఏడాది అలా పంపామంటే మళ్లీ అడగడానికి మాకు ముఖం ఉండదు. ఇన్నేళ్లూ మేడం పోరాడింది తన పేరు కోసమే అనుకున్నారేమో వీళ్లు.

ఆన్‌లైన్ మీటింగు నిన్న సాయంత్రం జరిగింది. గంట ముందే ఈ ఏటి కుసుమ నూనె పరికరంలో ఎక్కించి పరీక్ష మొదలుపెట్టాను, ఎవర్నీ అడక్కుండా. అందరూ వచ్చారు, ఒక నిమిషం మౌనం పాటించారు. ప్రొఫెసర్ ఉత్తరం సంగతి ఎత్తగానే, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ముందు మా ఫలితం వస్తుంది, ఆ తర్వాతే సీసా కదులుతుంది అన్నాను. ఇథియోపియా ఆవిడ వెంటనే, తమ సీసాలూ అంతేనంది. మెక్సికో ఆయన తలూపాడు. మరి మీ పరీక్ష ఎప్పుడని ప్రొఫెసర్ అడిగాడు.

కెమెరాను పరికరం వైపు తిప్పాను. ఆకుపచ్చ గీత ఒక్కో శిఖరం ఎక్కి దిగుతూ నడుస్తోంది. ఆ దూరదేశాల వాళ్లంతా కుర్చీలు ముందుకు జరుపుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు.