అత్తమ్మ మిషన్ తూకానికి లేదు

మా అత్తమ్మ పోయి ఇంకా నెల కాలేదు. ఒక సోమవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఛాతీ పట్టేసినట్టుందని మంచం మీద ఒరిగింది. ఉప్పల్‌లో దవాఖానాకు చేరేలోపే అంతా అయిపోయింది. సాయంత్రానికి చిల్కానగర్‌లో మా గల్లీ మొదట్లో ఫ్లెక్సీ లేచింది. ఫోటో కింద మా మరిది రాయించిన మాటలు రెండే: ఆదర్శ గృహిణి, అన్నపూర్ణ.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. ఆకలితో వచ్చినవాళ్లను ఆమె ఎన్నడూ ఉత్తగా పంపలేదు, ఆ మాట నిజమే. కానీ ఆమె పప్పులో ఉప్పు ఉంటే ఉండేది, లేకపోతే లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లు టిఫిన్ డబ్బా పట్టుకుని నాచారం కంపెనీకి నడిచిన మనిషిని, మిల్లింగ్ మిషన్ మీద ఇనుమును వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కిన మనిషిని, పోయిన రోజే వంటింట్లోకి నెట్టేశారు. అందుకే ఇది రాస్తున్నాను. ఫ్లెక్సీ మీద చోటు చాలలేదేమో, ఇక్కడ కావలసినంత ఉంది.

మామయ్య ఆ కంపెనీలోనే పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. నా పెళ్లికి చాలా ముందు మాట. ఇద్దరు కొడుకులతో మిగిలిన ఆమెను దయతలచి హెల్పరుగా తీసుకున్నారు. మిషన్ల కింద రాలే ఇనుప పొట్టు ఊడవడం పని. ఊడుస్తూ ఊడుస్తూ చూసి నేర్చుకుంది. ఒకరోజు ఆపరేటర్ రాలేదు, అర్జెంటు ఆర్డరుంది. "నేను జేస్త సార్" అని ముందుకొచ్చి నిలబడింది. ఆ రోజు నుంచి ఆ మిషన్ నడిపింది ఆమే. చేసిన పని రాసే జాబ్ కార్డు మీద సంతకం మాత్రం ఇంకెవరిదో. ఐటీఐ చదివొచ్చినవాళ్లు ఆమె దగ్గర పని నేర్చుకుని సూపర్‌వైజర్లయ్యారు. కాగితాల్లో ఆమె చివరిదాకా హెల్పరే.

రిటైరయిన రోజు శాలువా కప్పారు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లలోనే ఒకాయన మైకు పట్టుకుని, "అమ్మ చేతి చాయ్ మేం మరువలేం" అన్నాడు. ఆ కంపెనీలో ఆమె ఒక్కనాడూ చాయ్ పెట్టలేదు. చాయ్‌కి క్యాంటీన్ ఉండేది. నేను ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కూడా కొట్టాను. అది గుర్తొస్తే నా చేతుల మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, శాలువా మడిచి పెట్టి, "నేనొక మిషన్ కొంట" అంది.

మా ఆయన నవ్వాడు. "కొని ఏం జేస్తవమ్మా?"

"నడుపుత."

"ఎవరికోసం?"

"నాకోసం. నువ్వు ఆదివారమాదివారం షటిల్ ఆడుతవు గద, ఎవరికోసం ఆడుతున్నవ్?"

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పాత మిషన్లు అమ్మే షెడ్డుకు ముగ్గురం వెళ్లాం. షెడ్డు ఓనరు మా ఆయనకు కుర్చీ వేశాడు. ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతున్న మిషన్ ఒకటి చూపించి, "మస్తు కండిషన్ సార్, కొత్తదాని లెక్కనే" అన్నాడు. అత్తమ్మ మిషన్ బల్లను జరిపే పిడి పట్టుకుని ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పింది.

"నడుమ లూజున్నది. కొసలకు పట్టేస్తున్నది."

"అమ్మా, మీరు జర గా నీడకు కూసోండి. సార్‌తోని మాట్లాడుతున్న."

"సార్‌కు బోల్టు ఏ దిక్కు తిప్పితే ఊడుతదో తెల్వదు. నాతోని మాట్లాడు. పనంత నడుమనే జేసి నడుమ అరగ్గొట్టిన్రు. నువ్వు దాని మీద రంగేసినవ్. రంగు నీది, అరుగుడు నాదా?"

ఓనరు మొహం మాడిపోయింది. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అత్తమ్మ షెడ్డు వెనక్కి నడిచి, గోనెసంచి కప్పి ఉన్న ఒక చిన్న మిషన్ దగ్గర ఆగింది. రంగంతా పెచ్చులూడి ఉంది. బల్ల జారే పట్టాల మీద మాత్రం నూనె తడి మెరుస్తోంది. అరచేత్తో రాసి చూసింది. పిడి ఇటు తిప్పి అటు తిప్పి, మధ్యలో ఎంత ఖాళీగా తిరుగుతోందో చూసింది. మోటరు ఆన్ చేయించి తల పక్కకు వంచి విన్నది. "గిది ఇయ్యి" అంది. అప్పుడు కూడా ఆ మనిషి మా ఆయన వైపే తిరిగి, ఆపరేటర్‌ను పెట్టుకుంటారా సార్ అని అడిగాడు. ఇంత జరిగాక కూడా!

ఇనుప పైపుల మీద దొర్లించి, వీధివైపు గదిలోకి మిషన్ చేర్చాం. ఆ గది కిరాయికివ్వాలని మా మరిదికి ఉండేది. చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. ఇంటి కరెంటుకు నడిచేలా ఎలక్ట్రీషియన్ మోటరు మార్చిపోయాక, ఆమె మూడు రోజులు ఒక్క ముక్క కూడా చెక్కలేదు. చిన్న గడియారంలాంటి కొలత పరికరం ముల్లును చూస్తూ, మిషన్ తల నిలువుగా ఉందా లేదా అని సరిచేస్తూ కూర్చుంది. కొని నడపవేంటి అత్తమ్మా అని అడిగితే, "మనం సూటిగ లేకుంట పనిని సూటిగుండమంటే ఎట్లుంటది?" అంది.

నాలుగో రోజు మొదలుపెట్టింది. వైసు అనే ఇనుప దవడల మధ్య ఇత్తడి ముక్కను బిగించింది. పైన కట్టరు తిరుగుతుంటే, కింద బల్లను పిడితో మెల్లగా జరుపుతూ ముక్కను చెక్కింది. ఆరు వైపులా తిప్పి తిప్పి చెక్కి, నిమ్మకాయంత ఘనం చేసి టీవీ పక్కన పెట్టింది. మా మరిది చేతిలోకి తీసుకుని దీంతో ఏం పని అని అడిగాడు.

"ఏం పని లేదు. ఆరు దిక్కుల సూటిగున్నది, సాలదా?" అని, ఘనాన్ని అతని చేతిలోంచి తీసుకుని, "ఇన్నేండ్లు ఒకల పని జేసిన. ఇది నా పని" అంది.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకూ సిగ్గుగానే ఉండేది. చీర మీద మామయ్య పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఆమె గేటు దాకా వస్తే నేను లోపలికి జారుకునేదాన్ని. నేను బడిలో లెక్కలు చెబుతాను. తోటి టీచర్లతో, మా అత్తమ్మ రిటైరై ఇంట్లోనే ఉంటుంది అని మాత్రం చెప్పేదాన్ని. ఫ్లెక్సీ రాయించిన మరిదిని తిడుతున్నాను గానీ, నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ఆ ఇత్తడి ఘనాన్ని బడికి తీసుకెళ్లి పిల్లలకు చూపించిన రోజున నా సిగ్గు వదిలింది. ఆ సాయంత్రమే నాకూ నేర్పమని అడిగాను.

"గాజులు తీసి రా. కొంగు సుట్టుకో. జడ ముడేసుకో" అంది. ఇదే మొదటి పాఠం. తిరిగే కట్టరుకు గాజు తగిలినా, కొంగు చిక్కినా చేతిని లాక్కుపోతుంది. అందుకే గ్లౌజులు కూడా ఉండకూడదు. నేను రెండు చేతుల గాజులూ తీసి కిటికీలో పెట్టాను. సరిగ్గా అప్పుడే ఆమె చెల్లెలు, మా చిన్నత్తమ్మ, వచ్చి చూసింది.

"అక్కా! మొగుడు రాయిలెక్క ఉండంగ కోడలితోని గాజులు తీపిస్తవా? నీకేమన్న మతి ఉన్నదా?"

అత్తమ్మ పిడి మీద నుంచి చెయ్యి తీయకుండానే జవాబు చెప్పింది. "నా చేతులు బోసిగైన్నాడు అందరు జూసి అయ్యో అన్నరు చెల్లె. పెండ్లిళ్లకు పిలుసుడు బంద్ జేసిన్రు, నువ్వు గూడ. మిషన్ ఒక్కటే ఏమనలే. దీని కాడ బోసి చేతులే మంచియి."

చిన్నత్తమ్మ చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది. పని ముగిశాక అత్తమ్మ చేతులు తుడుచుకుని, "ఏసుకో బిడ్డా, లేకుంటే మీ చిన్నత్తమ్మ గుండె ఆగుతది" అని నవ్వింది. ఆ నవ్వులో ఎంత మంట ఉందో నాకు అర్థమైంది. బతికినన్నాళ్లూ ఆమెకు శుభకార్యాల్లో వెనక వరుసలోనే చోటిచ్చారు. చచ్చాక అన్నపూర్ణ అని ఫ్లెక్సీ కట్టారు.

రెండేళ్లు నేర్పింది. కోపంగా బడి నుంచి వస్తే లోపలికి రానిచ్చేది కాదు. "తొందరుంటే చాయ్ తాగు, మిషన్ ముట్టకు" అనేది. నేను పిడి గబగబా తిప్పితే పక్క గదిలోంచే వినిపించేది ఆమెకు. "ఏడుస్తున్నదది, మెల్లగ!" అని కేకేసేది.

పోవడానికి ముందు ఆమె చేతిలో ఉన్న పని ఒక గ్రైండరుది. గల్లీ చివర బండి మీద ఇడ్లీ వేసే అక్క ఉంది. ఆమె పిండి గ్రైండర్లో మోటరుకూ రాయికీ మధ్య ఉండే చిన్న ఇనుప ముక్క విరిగింది. షాపువాళ్లు పాత మోడల్, ముక్క దొరకదు, కొత్త గ్రైండర్ కొనుక్కో అన్నారట. అత్తమ్మకు ఒళ్లు మండింది. ఉక్కు ముక్క ఒకటి వెతికి తెచ్చి పని మొదలుపెట్టింది. దానికి సన్నటి కాలువల్లాంటి మూడు గాళ్లు చెక్కాలి. రెండు అయ్యాయి. ఆదివారం సాయంత్రం మూడోది సగం పొడవు దాకా వచ్చేసరికి కరెంటు పోయింది. పొద్దున చేస్తానని చెయ్యి కడుక్కుంది. ఆ పొద్దు సంగతి మీకు ముందే చెప్పాను.

మూడో రోజు పిట్టకు పెట్టాం. మా దిక్కు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురు చూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిందని లెక్క. డాబా మీద అందరం నిలబడ్డాం. గారెలు, బూరెలు, కోడికూర, చాయ్ అన్నీ పెట్టాం. ఎండ ఎక్కుతోంది గానీ కాకి జాడ లేదు.

"అక్క మనసుల ఏదో ఉన్నది" అంది చిన్నత్తమ్మ నా చేతుల వైపు చూస్తూ. "ముత్తైదువ గాజులు తీపిచ్చిన పాపం ఊకె పోతదా?"

ఇంతలో కింద ట్రాలీ ఆటో ఆగింది. గొలుసులతో ఇద్దరు దిగారు.

"పాత సామానాయన" అన్నాడు మరిది. "రేపు నేను డ్యూటీకి పోవాలె వదినా. ఇయ్యాల్నే తూకమేస్కొని పట్కపోతడు. రూము ఖాళీ అయితది."

"ఎవరినడిగి పిలిచినవ్ తమ్మీ?"

"అడుగుడేంది? అమ్మ మిషన్ల నాకు సగం లేదా?"

"ఉన్నది. ఏ సగం? మోటరా, బల్లనా? జూపెట్టి పట్కపో."

మా ఆయన ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు, కాకి కోసమో, తప్పించుకోవడానికో. తల్లి అస్థికలు ఇంకా నీళ్లలో కలపలేదు, ఆమె చెయ్యి పెట్టిన పని ఇంకా వైసులోనే బిగించి ఉంది, అప్పుడే కిలోల లెక్కన అమ్మకానికి పెట్టారు! ఇడ్లీ అక్క ఓ మూల కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. మూడు రోజులుగా ఆమె బండి పెట్టలేదు. ముక్క సంగతి అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

నేను అందరి ముందే గాజులు తీసి పిట్టగోడ మీద పెట్టాను. చిన్నత్తమ్మ గుండెలు బాదుకుంది. "మైలల! మొగుడు ముంగటనే!" అని అరిచింది. నేను మెట్లు దిగి, ఖాకీ చొక్కా తొడుక్కుని, కొంగు చుట్టుకుని, మిషన్ గది తలుపు తీశాను. వెనకాలే మా ఆయన అడుగులు వినిపించాయి. ఆపడానికే వచ్చాడనుకుని తిరిగి చూడకుండా స్విచ్ వేశాను. ఆయన గుమ్మంలోనే ఆగాడు. బయట నిలబడ్డ తమ్ముడితో, "ఆ ట్రాలీని పంపియ్. అమ్మ పని నడుస్తున్నది. ఇది అమ్మేది లేదు, ఇయ్యాల లేదు, రేపు లేదు" అన్నాడు. మూడు రోజుల్లో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపినా అంత ఉండవు.

నేను మిషన్ వేశాకే కాకి వచ్చి గారె ముట్టిందని మా ఆయన అంటాడు. మిషన్ చప్పుడుకు బెదిరే ఇంకో గంట రాలేదని చిన్నత్తమ్మ అంటుంది. నేను చూడలేదు. నాకు పనుంది.

కోపంగా ఉన్నాను కదా, మొదటి రెండు చుట్లు పిడి గబగబా తిప్పేశాను. కట్టరు కీచుమంది. మెల్లగా అని అరిచేవాళ్లు పక్క గదిలో లేరు. చెయ్యి తీసి, అక్కడే నిలబడి, గుమ్మంలో మా ఆయన ఉన్నా సరే, వెక్కివెక్కి ఏడ్చాను. ఏడ్చాక చెయ్యి నిమ్మళించింది. మిగిలిన గాడి నెమ్మదిగా చెక్కాను.

ఆ సాయంత్రమే ఇడ్లీ అక్క ముక్క తీసుకెళ్లి బిగించుకుంది, సరిపోయింది. రోజూ రాయి తిరుగుతోంది. ఇచ్చేముందు ఆ మూడో గాడిలో వేలిగోరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు జరిపి చూశాను. సగం దాకా గోరు ఎక్కడా ఆగకుండా జారిపోయింది. అక్కడ సన్నగా ఒక గీర తగిలింది. దాని తర్వాత నా వంతు, కాస్త గరుకుగా.