దీపం చుట్టూ తాత

తడిసిన కిత్తనార తాడు వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఇవాళ సంతలో మేకలు కట్టేసిన చోట తగిలింది.

మేం సముద్రం అవతలి దీవిలో, నువెల్ ఫ్రాన్స్ అనే ఊళ్లో, చెరకు కూలీల ఇళ్లలో ఉండేవాళ్లం. మా తాతకి అందరి పేర్లూ గుర్తే, భజన పాటలన్నీ గుర్తే. సిగ్గూ మర్యాదా మాత్రం పోయాయి. పొద్దున లేస్తే ఇంటి చుట్టూ తిరగడమే పని. ఎవరైనా ఆపితే బూతులు తిట్టేవాడు. పక్కింటి పిల్లలు "ఫూ! ఫూ!" అని, అంటే పిచ్చోడని, అరిచేవాళ్లు. పరువు పోతోందని నాన్న ఆయన కాలిని గుంజకి కట్టించేవాడు. కట్టేది నేనే. తాత కావాలనే మొండికేస్తున్నాడని నాకూ కోపంగానే ఉండేది.

ఒక శనివారం సాయంత్రం మా వాకిట్లో రామభజన జరిగింది. నలుగురూ చూస్తారని నాన్న తాడు విప్పేశాడు. మధ్యలో దీపం పెట్టి, అందరూ పాడుతూ దాని చుట్టూ తిరిగారు. తాతా తిరిగాడు. ఒక్క అడుగు తప్పలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు.

"మీ నాన్నకి నయమైపోయిందయ్యా!" అన్నాడు పూజారి మా నాన్నతో. నేనూ నమ్మాను.

తెల్లారేసరికి తాత మళ్లీ ఇంటి చుట్టూ బయల్దేరాడు.

"తాడు తేవే," అన్నాడు నాన్న.

"నిన్న తిరిగితే ఎవరూ ఏమనలేదుగా నాన్నా?"

"నిన్న దీపం ఉంది."

తెచ్చాను, కట్టాను. తాత సాయంత్రం దాకా తాడుని గుంజుతూనే ఉన్నాడు.

ఆయనకి కావాల్సింది తిరగడం, అంతే. దీపం గూట్లోనే ఉంది. దాన్ని తెచ్చి వాకిట్లో పెట్టే బుద్ధి మాలో ఒక్కరికీ పుట్టలేదు. తాడు ఎక్కడుందో మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు.