ఎడమచేతి ఈగ

మలాకీ లూబీకి అసూయ జబ్బు కొత్తగా వచ్చింది కాదు. షూర్ నదిలో తను కాక మరొకడు పెద్ద ట్రౌట్ చేప పట్టాడంటే చాలు, ఆ పూట అతనికి ఉడికించిన బంగాళాదుంప కూడా గొంతు దిగేది కాదు. పగలంతా దుకాణంలో కూర్చుని గుర్రాల జీనులు, కళ్లేలు కుట్టేవాడు. సాయంత్రమైతే గాలపు కర్ర భుజాన వేసుకుని ఏటికి పోయేవాడు. మనిషి మంచివాడే. పనిలో మోసం లేదు, మాటలో కల్తీ లేదు. పక్కవాడి బుట్టలో చేప కనిపిస్తే మాత్రం ఆ మంచితనమంతా ఎక్కడికి పోయేదో ఆ దేవుడికే తెలియాలి.

ఆ ఊళ్లో గాలానికి ఎర్ర గుచ్చేవాణ్ణి మనిషి కింద లెక్కకట్టరు. ఇనుప కొక్కేనికి పట్టుదారంతో కోడిపుంజు మెడ ఈక, కుందేలు బొచ్చు చుట్టి ఈగను తయారుచేయాలి. అది నీటి మీద వాలితే చేప నిజమని నమ్మాలి. ఏ పూట ఏ రంగు ఈగ కట్టాలన్న దగ్గర వాదన ముదిరి, అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. మలాకీ ఈగలన్నీ అతని భార్య డింప్నా చుట్టేది. ఆమెది ఎడమచేతి వాటం. అందరి ఈగల్లో దారం ఒకవైపు తిరిగితే ఆమె ఈగల్లో రెండోవైపు తిరిగేది. ఊరు మొత్తానికి అలా చుట్టే మనిషి ఆమె ఒక్కతే.

డెలహంటీ పబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. అందరికన్నా పెద్ద చేపను పట్టిన ఈగను సారా పోసే బల్ల మీది దూలానికి గుచ్చుతారు. దాన్ని తలదన్నే చేప వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. కొన్నేళ్లుగా ఆ చోటు మలాకీ ఈగదే. గ్లాసు ఎత్తినప్పుడల్లా తల కూడా ఎత్తి, దాన్ని ఒకసారి చూసుకుని కానీ తాగేవాడు కాదు.

మే నెల చివర్లో ఒక సాయంత్రం ఆంబ్రోస్ టోబిన్ లోపలికి వచ్చాడు. పాలకేంద్రంలో క్యాన్లు తూచే మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. పెద్దగా మాట్లాడడు. అలాంటివాడు నేరుగా వచ్చి, బల్ల మీద చేపను పడుకోబెట్టాడు. అందరూ లేచి నిలబడ్డారు.

"ఇదిగో చేప, ఇదిగో ఈగ. మిల్లు గట్టు కింద దొరికింది," అన్నాడు టోబిన్.

డెలహంటీ తక్కెడ తెచ్చాడు. తూకం చూసి ఈల వేశాడు. "ఒరేయ్ మలాకీ, నీ ఈగ రిటైరైపోయిందిరా! పాపం, మంచి సర్వీసు చేసింది."

పబ్బంతా నవ్వింది. మలాకీ కూడా నవ్వాలనుకున్నాడు కానీ, ముఖం అందుకు ఒప్పుకోలేదు. దూలానికి గుచ్చిన కొత్త ఈగ దగ్గరికి వెళ్లి కళ్లు చికిలించి చూశాడు.

"ఏంట్రా, ముద్దు పెట్టుకుంటావా దాన్ని?" అన్నారెవరో వెనకనుంచి.

మలాకీకి ఆ మాట వినపడలేదు. ఈగ మెడ దగ్గర దారం రెండోవైపు తిరిగి ఉంది. ఇక దాని ఒళ్లు చుట్టిన ఊలు వెలిసిన ఆకుపచ్చ రంగుది. ఆ రంగు అతనికి బాగా తెలుసు. క్లొన్మెల్ సంతలో తన చేతులతో కొని డింప్నాకు ఇచ్చిన స్వెట్టరు, ఉతికి ఉతికి ఆ రంగుకు తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి డింప్నా క్యాబేజీ, పంది మాంసం వడ్డించి పెట్టింది. స్వెట్టరు తలుపు వెనక వేలాడుతోంది. ఒక చేతి అంచు దారాలు ఊడి ఉంది.

"దీని చెయ్యి ఏమైంది?" అన్నాడు.

"మేకు తగిలింది," అంది ఆమె తల ఎత్తకుండా.

మేకు తగిలితే ఊలు చిరుగుతుంది. అంత పద్ధతిగా, వరసగా ఊడిరాదు. తోలు కుట్టి బతికే మలాకీకి ఆ మాత్రం తెలియదా? తెలిసింది కాబట్టే కంచం ముందు అలాగే కూర్చుండిపోయాడు. అడిగేస్తే ఒక పని అయిపోయేది. కానీ అడిగితే ఆమె నిజం చెప్పేస్తుందేమోనని భయం.

ఆ ఆదివారం గుడిలో పూజ జరుగుతున్నంతసేపూ ఫాదర్ ఏం చెప్పాడో మలాకీకి ఒక్క ముక్క ఎక్కలేదు. ముందు వరసలో టోబిన్ మెడ తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఈ వయసులో కూడా ఒత్తుగా జుట్టు. పాట పాడితే గొంతు గుడంతా నిండుతోంది. ఒక్క పన్నైనా ఊడలేదు దొంగ వెధవకి! పైగా మజ్జిగ వాసన. ఆడవాళ్లకి మజ్జిగ వాసన ఇష్టమేమో, తోలు వాసన రోత పుట్టిందేమో. తన భార్య ఒంటి మీది ఊలు వాడి టోపీకి గుచ్చిన ఈగలో తిరిగిందన్న ఆలోచన వస్తే చాలు, చేతిలో సూది ఆగిపోయేది. దుకాణంలో ఒక జీను తలకిందులుగా కుట్టి, మళ్లీ విప్పాడు. డింప్నా నవ్వితే ఎందుకు నవ్విందని అనుమానం, నవ్వకపోతే ఎవరికోసం దాచుకుందని అనుమానం. ఆమెను పోగొట్టుకుంటే తనకు మిగిలేది దుకాణం, గాలపు కర్ర. ఆ రెండూ ఎందుకు, తగలబెట్టనా అనిపించేది.

డింప్నా గురువారం సాయంత్రాలు జపమాల ప్రార్థనకని అక్క ఇంటికి పోయేది. ఆ గురువారం మలాకీ వెనకే నడిచాడు. ఆమె అక్క ఇంటి ముందు ఆగలేదు. కిటికీ వైపు కూడా చూడలేదు. పొలాల మధ్య బాటలో దిగి, మిల్లు గట్టు వైపు మళ్లింది. గట్టు మీద దురదగొండి చెట్ల వెనక నక్కి, చేతులు బొబ్బలెక్కుతున్నా కదలకుండా, ఎండ వాలేదాకా అక్కడే ఉన్నాడు.

టోబిన్ రాయి మీద కూర్చుని పైపు పీలుస్తున్నాడు. కాళ్లకి బూట్లు లేవు. అతని రబ్బరు బూట్లు, తొడల దాకా వచ్చేవి, డింప్నా కాళ్లకున్నాయి. ఆమె లంగా పైకి దోపుకుని ఏటి మధ్యలో నిలబడి ఉంది. చేతిలో గాలపు కర్ర. పైన మే నెలలో పుట్టే నిజం ఈగలు ఆడి ఆడి అలసిపోయి నీటి మీద రాలుతున్నాయి. ఆమె ఎడమచెయ్యి వెనక్కి పోయి ముందుకు వచ్చింది. దారం గాలిలో సాగి, చివర్న ఈగ చప్పుడు లేకుండా నీటి మీద వాలింది. ఆ ఊరి మగవాళ్లలో అంత నాజూకుగా గాలం వేసేవాణ్ణి మలాకీ ఇంతవరకు చూడలేదు. ఆ మగవాళ్లలో తను కూడా ఉన్నాడు.

హమ్మయ్య అనుకున్నాడు ముందు. నిజంగానే కళ్లు చెమర్చాయి. ఆ చెమ్మ ఆరకముందే ఇంకో మంట మొదలైంది, మొదటిదానికన్నా ఎక్కువగా. టోబిన్ తన పెళ్లాన్ని ఎత్తుకుపోతే ఊరంతా తనవైపే ఉండేది. ఇప్పుడు ఈ గోడు ఎవరితో చెప్పుకోవాలి?

లేచి బయటికి వచ్చాడు. "మీ అక్క ఇల్లు ఏట్లోకి మారిందా, డింప్నా?"

ఆమె ఉలిక్కిపడింది కానీ కర్ర వదల్లేదు. "అరవకు. చేప బెదురుతుంది."

టోబిన్ పైపు నోట్లోంచి తీశాడు. "మలాకీ, నువ్వేమీ అపార్థం..."

"నువ్వు నోర్ముయ్! ఆ చేప నువ్వు పట్టావా?"

"పట్టానని నేనెప్పుడన్నానయ్యా? చేప, ఈగ అక్కడ పెట్టాను, అంతే. ఎవరూ అడగలేదు. ఆడవాళ్లని ఆ పబ్బు గుమ్మం తొక్కనివ్వరు కదా. మిసెస్ లూబీ తీసుకెళ్లమన్నారు, తీసుకెళ్లాను."

మలాకీ భార్య వైపు తిరిగాడు. "ఏటికి తీసుకెళ్లమని నన్ను అడగొచ్చు కదే?"

"అడిగాను," అంది డింప్నా, కళ్లు నీటి మీదే ఉంచి. "పెళ్లైన ఏడాదే అడిగాను. నీ స్నేహితుల ముందు నవ్వావు. 'నువ్వు ఈగలు చుట్టు, అదే పదివేలు' అన్నావు. మొన్నటికి మొన్న, సాయంత్రం పూట పసుపు ఈగ పనికిరాదు, వెలిసిన ఆకుపచ్చ కావాలి అంటే, దానికీ నవ్వావు. టోబిన్‌గారు నవ్వలేదు. అంతకుమించి ఇక్కడేమీ లేదు."

అంతలో నీరు ఉబికింది. కర్ర విల్లులా వంగింది.

"పడింది!" అని ముగ్గురూ ఒకేసారి అరిచారు.

టోబిన్ చేతివల అందుకున్నాడు. అందుకుని, మలాకీ ముఖం చూసి, వల అతని చేతికే ఇచ్చాడు. "నువ్వు దిగవయ్యా. ఈ ఏట్లో నీ అంత బాగా వల పట్టేవాడు లేడు."

అది నిజమే. మలాకీ తోలు చెప్పులతోనే నీళ్లలోకి దిగాడు. చేప అటూ ఇటూ పరిగెత్తింది, మునిగింది, చివరికి అలసి పక్కకి ఒరిగింది. దాని బంగారు పొట్ట కనిపించింది. దూలం మీది ఈగ పట్టినదానికన్నా పెద్దది. మలాకీ తన జన్మలో అంత చేపను చూడలేదు.

"ఇప్పుడు... మెల్లిగా," అంది డింప్నా.

వలను నీటి కింద కదలకుండా పట్టుకోవాలి. చేపను దాని మీదికి రానివ్వాలి. వలతో చేపను వెంటాడకూడదు. ఊళ్లో కుర్రకారుకి ఇది నేర్పింది మలాకీయే. కానీ అతని చెయ్యి ముందుకు పోయింది. వల అంచు దారానికి తగిలింది. దారం వదులైపోయింది. బంగారు పొట్ట ఒక్కసారి తిరగబడి, లోతులోకి మాయమైంది.

"పోనీలెండి. ఒక్కోసారి అలా అవుతుంది," అన్నాడు టోబిన్.

డింప్నా దారం చుట్టుకుంది. తర్వాత మలాకీ కళ్లలోకి చూసి అడిగింది. "ఇన్నేళ్లలో వల దగ్గర ఎప్పుడైనా చేప పోగొట్టావా, మలాకీ?"

కాలు జారిందనొచ్చు. ఎండ కళ్లలో పడిందనొచ్చు. టోబిన్ అప్పటికే అతనికి ఒక దారి చూపించాడు కూడా.

"లేదు," అన్నాడు మలాకీ.

ఆమె తల ఊపింది. టోబిన్ బూట్లు విప్పి టోబిన్‌కిచ్చి, ఇంటివైపు నడిచింది. తడిసిన చెప్పులు పిచుక్ పిచుక్‌మంటుండగా మలాకీ వెనక నడిచాడు. ఆ వారమంతా ఇంట్లో ఉప్పు అందించమనడానికి తప్ప మాటల్లేవు. ఒక్క ఈగ చుట్టలేదు ఆమె.

మళ్లీ గురువారం సాయంత్రం వచ్చింది. డింప్నా అంచు ఊడిన స్వెట్టరు తొడుక్కుని తలుపు తీసింది. గుమ్మం పక్కన మలాకీ రబ్బరు బూట్లు శుభ్రంగా కడిగి పెట్టి ఉన్నాయి.

"ఏంటివి?"

"నా బూట్లు," అన్నాడు మలాకీ. "నీకు వదులవుతాయని వేళ్ల దగ్గర కాగితాలు కుక్కాను. ఏట్లో దిగేదానివి దిగు. వాడి బూట్లేసుకుని మాత్రం దిగకు. నేను చూడలేను."

ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. వంగి బూట్లు చంకన పెట్టుకుంది. "నువ్వు రావా?"

"వస్తాను. గట్టు మీద కూర్చుంటాను."

డింప్నా మేకుకున్న చేతివల తీసి అతనికి అందించబోయింది. మలాకీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అది టోబిన్‌కివ్వు," అన్నాడు. "ఇప్పుడప్పుడే నా చేతికివ్వకు, డింప్నా."