కొంగు సర్దుకుంటే నవ్వాలి

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులోని కుటుంబ గ్రూపులో ఒక ఇంగ్లీషు జోకు పెట్టింది. నిమిషం తిరగకుండా పన్నెండు నవ్వుమొహాలు వచ్చిపడ్డాయి. దాన్ని చదవడానికే నాకు రెండు నిమిషాలు పట్టింది కనుక, ఆ పన్నెండింటిలో నిజమైనవి ఎన్నో అన్న అనుమానం నన్ను పట్టుకుంది. కొత్త అనుమానమేమీ కాదిది, 1959లో పెనుకొండలో మొదలైనది.

అప్పుడు నేను హిందూపురం నుంచి రోజూ రైల్లో వెళ్ళి అక్కడి ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పే తాత్కాలిక టీచరును. నాలాంటి వాళ్ళు మరో ఇద్దరు అక్కయ్యలు ఉండేవారు. ఉద్యోగం ఖాయం కాకపోతే మడకశిర పక్కనున్న మా పల్లెకు తిరిగి వచ్చెయ్యాలని నాయన ముందే చెప్పాడు. ఖాయం చేయవలసిన ఇన్‌స్పెక్టరు గారికేమో ఇంగ్లీషు హాస్యమంటే ప్రాణం. ఏదో చమత్కారం విసిరి, నవ్వుతున్నామా లేదా అని మా మొహాలు వరసగా చూసేవారు. అందుకని మా పెద్ద టీచరమ్మ ఒక పద్ధతి పెట్టారు.

“నేను కొంగు సర్దుకుంటే నవ్వాల. అంతకు ముందొద్దు, ఆ వెనక వద్దు. తెలిసెనా?”

“మీకు అర్థమవుతాదా అక్కా?” అని అడిగాను.

“నీకెందుకమ్మా అదంతా? నవ్వితే నీ సొమ్మేం పోతాది?”

ఆమెకూ అర్థం కాదని నాకు అనుమానం. ఆయన చెప్పిన ప్రతి జోకునూ తేదీ, ఊరు, ఎవరు ముందు నవ్విందీ వేసి నోటుబుక్కులో రాసుకుని, ఇంటికి వెళ్ళి నిఘంటువు తిరగేసేదాన్ని. పద్నాలుగు రాస్తే తొమ్మిది అర్థమయ్యాయి.

ఆ పద్నాలుగింటిలో పదోది, నాకు అర్థమైనదే, ధర్మవరంలో టీచర్ల సభలో చెప్పింది. ఒక దొర ఆగిపోయిన గడియారాన్ని బాగు చేయించడానికి పొద్దున్నే వెళ్ళి, దుకాణం మూసి ఉంటే ఆ గడియారాన్నే చూసుకుని, తెరిచే వేళ ఇంకా కాలేదని మెట్ల మీద కూర్చున్నాడట. మూడు నెలల తరువాత మా బడి తనిఖీకి వచ్చి ఆయన మళ్ళీ అదే చెప్పారు. అయితే ఈసారి దొర వెళ్ళాడు, మెట్ల మీద కూర్చున్నాడు, అంతే. గడియారం చూసుకోవడమే లేదు. పెద్ద టీచరమ్మ కొంగు సర్దుకున్నారు, అక్కయ్యలిద్దరూ విరగబడి నవ్వారు. నేను నవ్వలేదు.

“మీకు నవ్వు రాలేదా అమ్మా?” అన్నారాయన.

“నవ్వే మాట మీరింకా చెప్పలేదు సార్. ధర్మవరంలో దొర గడియారం చూసుకున్నాడు.”

ఆయన నన్ను వదిలి ఆ ఇద్దరినీ చాలాసేపు చూశారు. ఆ మాట మరిచిపోయారో, మమ్మల్ని పట్టుకోవడానికే దాచారో ఈనాటికీ నాకు తేలలేదు.

నెల తిరిగేసరికి నా ఉద్యోగం ఖాయమైంది. వాళ్ళిద్దరికీ ఇంగ్లీషు రాదని రాసి తీసేశారు. ఒకరు కదిరికి, ఒకరు బత్తలపల్లికి పెట్టెలు సర్దుకున్నారు.

“ఒక్క నవ్వు నవ్వింటే ముగ్గురూ ఈడే ఉందురు గదమ్మా,” అన్నారు పెద్ద టీచరమ్మ.

ఆమె ఉద్యోగం ఎప్పుడో ఖాయమైనదని, ఆ కొంగు ఆమె తన కోసం సర్దుకోలేదని, తేదీలు ఇంత జాగ్రత్తగా రాసుకునే నాకు ఆ రోజు దాకా తట్టలేదు.

ఇప్పుడు ఎవరి నవ్వు మీదా ఎవరి ఉద్యోగమూ ఆధారపడి లేదు, ఎప్పుడు నవ్వాలో చూసి చెప్పేవారూ లేరు. మొన్నటి జోకులో నవ్వే మాట యాడుందో అడుగుదామని సగం రాసి, చెరిపేశాను. పదమూడో నవ్వుమొహం నాది.