గినీ పిగ్‌లూ, గోడవతలి మునగచెట్టూ

మా ఇల్లు గురజాల నుంచి దాచేపల్లి పోయే రోడ్డును ఆనుకుని ఉంటుంది. సిమెంటు లారీలు ఆగకుండా తిరిగే రోడ్డు. నేను పెంచిన మొదటి కుక్క ఆ రోడ్డు మీదే పోయింది. రెండోది మందు తిన్న ఎలకను తిని పోయింది. ఆ మందు ఎవరు పెట్టారో నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి వాళ్లకూ తెలుసు. అది ఇక్కడ రాయను.

మూడోసారి పెంచితే గడప దాటని జీవాన్నే పెంచాలనుకున్నాను. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా ఆయనది ఫ్యాక్టరీలో షిఫ్టు పని. మిషను ముందు కూర్చున్నంతసేపూ పక్కన ఒక ప్రాణి మసలుతుంటే నాకు పని సాగుతుంది. కుక్క వద్దనుకున్నాను గానీ ప్రాణి వద్దనుకోలేదు.

నేను దేన్నీ తొందరపడి కొనే మనిషిని కాను. చాన్నాళ్లు ఫోన్లో చూశాను. చుంచెలకంత ఉండే హ్యామ్‌స్టర్ పగలంతా ముడుచుకుని పడుకుని, మనం పడుకున్నాక చక్రం తిప్పుతుందట. అలాంటి మనిషి ఒకాయన ఇప్పటికే ఇంట్లో ఉన్నాడు. ఒళ్లంతా ముళ్లుండే హెడ్జ్‌హాగ్ కూడా పగలు కళ్లు తెరవదు. చెట్టు మీంచి చెట్టు మీదకి గాల్లో తేలిపోయే షుగర్ గ్లైడర్ చూడముచ్చటగా ఉంది కానీ, అది గుంపులో బతకాల్సిన జీవం. పైగా కొన్ని విదేశీ జంతువుల్ని ఉంచుకోవాలంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలట. చించిల్లా చలికొండల్లో పుట్టింది. మా పల్నాటి ఎండకు ఇక్కడ పుట్టిన మనుషులమే సొమ్మసిల్లి పడిపోతాం, ఆ ఉన్నిమూటను తెచ్చి చంపడం దేనికి. చివరికి తోక లేని బొచ్చుముద్దలాంటి గినీ పిగ్ మిగిలింది. గడ్డి తింటుంది, పగలు మేలుకుని ఉంటుంది, ఎక్కదు, దూకదు, ఆకలైతే ఈల వేస్తుంది. ఒక్కటే అయితే దిగులు పెట్టుకుంటుందట, కాబట్టి రెండు కావాలి. రెండూ ఆడవే కావాలి. ఇంత తేల్చుకున్నాకే నరసరావుపేట బస్సెక్కాను.

అది చేపలు, లవ్ బర్డ్స్ అమ్మే కొట్టు. కొట్టతను నన్ను చూడగానే హ్యామ్‌స్టర్ డబ్బా ముందుకు జరిపాడు.

“ఇది తీసుకెళ్లండమ్మా. పిల్లలకి చానా ఇష్టం.”

“పిల్లల కోసం కాదు.”

“మరెవరికమ్మా?”

“నాకే.”

అతను నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. నేను స్టూలు లాక్కుని గినీ పిగ్‌ల గూడు ముందు కూర్చున్నాను. కళ్లలో పుసి ఉందా, ముక్కు కారుతోందా, వెనకభాగం పొడిగా ఉందా అన్నీ చూశాను. కొత్త మనిషి కూర్చుని ఉన్నా తిండి ఆపని రెంటిని ఎంచుకున్నాను. ఒకటి నల్లది, ఇంకొకటి చింతపండు రంగుది. వాటికి పేర్లు పెట్టలేదు. రంగులే పేర్లయ్యాయి.

ఇక్కడ మా తోడికోడలి సంగతి చెప్పాలి. మా ఆయన అన్నగారి భార్య. పక్కిల్లే. మధ్యలో నడుమెత్తు గోడ. ఆమె కొడుకు పెళ్లికి పసుపు దంచిన రోజున ముత్తైదువలందరూ ఒకరి తర్వాత ఒకరు రోకలి పట్టారు. దూరపు చుట్టాలు కూడా పట్టారు. దంచిన పసుపు చేటలోకి ఎత్తాక నాకు కబురొచ్చింది. నేను వెళ్లేసరికి రోకలి గోడకు ఆనించి ఉంది. సొంత తోడికోడలిని. హడావిడిలో మరిచిపోయానని తర్వాత ఎవరితోనో చెప్పించింది. హడావిడిలో ఉప్పు మరిచిపోతారు, మనిషిని మరిచిపోరు. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు.

మాటల్లేవంటే మా వైపు అసలు నోరు మెదపరని కాదు. ఎదుటి మనిషికి తగలాల్సిన మాటను తన పశువుకు చెబుతారు. తగలాల్సినవాళ్లకు తగులుతుంది. బదులు చెప్పాలంటే మనం కూడా మన పశువుకే చెప్పాలి. నేరుగా మనిషితో అన్నామో, ఓడిపోయినట్టు. ఎదుటివాళ్ల పశువుతో మాట్లాడితే ఇంకా తక్కువ, అడుక్కోవడానికి వెళ్లినట్టు. ఆమెకు గేదె ఉంది. కుక్కలు పోయాక నాకేమీ లేదు. అందుకని ఇన్నాళ్లూ ఆమె అంటుంటే నేను వింటూ వచ్చాను. ఒక మాటా మరిచిపోలేదు.

గినీ పిగ్‌ల బుట్ట వసారాలో దించానో లేదో, గోడవతల గేదెతో మొదలుపెట్టింది.

“విన్నావటే బర్రె, ఊళ్లో జనమంతా పందికొక్కుల్ని చంపను మందు కొంటంటే, కొందరు పేట దాకా పోయి పందికొక్కుల్నే కొనుక్కొచ్చుకున్నారంట.”

నేను నల్లదాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. “నిన్ను కాదులేవే. చూపు ఆననోళ్లు ఏందో ఒకటి అంటానే ఉంటారు. నువ్వు తిను.”

గోడవతల కాసేపు పేడ తట్ట చప్పుడు కూడా వినపడలేదు. రెంటినీ కొన్నది మిషను పక్కన తోడు కోసమే. కానీ ఆ నిశ్శబ్దంతో బస్సు చార్జీతో సహా నా ఖర్చంతా గిట్టింది.

జాకెట్లకు వచ్చే ఆడవాళ్లు ఊరుకుంటారా. “ఏందక్కా ఇది, కుందేలా?” “కాదు.” “ఎలకా?” “కాదు.” “మరేందక్కా, ఉడతకి తోక కోసేశారా?” అని ఒకామె. ఆమె జాకెట్టు పండగ దాటాక ఇచ్చాను.

చలికాలం బాగా గడిచింది. పెరట్లో గరిక ఉండేది, అదే కోసి పెట్టేదాన్ని. కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడుకు రెండూ మెడలెత్తి ఈల వేసేవి. ఎండలు ముదిరాక లోపలి గదిలోకి మార్చి, గూటి మీద తడి గోనెపట్టా కప్పి, కింద చల్లటి నాపరాయి వేశాను. ఎండ సంగతి నేను ముందే ఆలోచించుకున్నాను, ఎండ వల్ల వాటికి ఏమీ కాలేదు. పచ్చగడ్డి దగ్గరే చిక్కొచ్చింది.

మాది మిర్చి, పత్తి దేశం. మందు కొట్టని ఆకు ఉండదు. చేను గట్టు మీద గడ్డి కోద్దామన్నా, ఆ గట్టు మీద నిలబడే మందు కొట్టి ఉంటారు. కుక్కను మందుకు పోగొట్టుకున్నదాన్ని. అందుకని బయటి పచ్చి ఏదీ గూటి దగ్గరకు రానివ్వలేదు. పెరట్లో గరిక మాడిపోయాక ఎండు జొన్నచొప్ప సన్నగా కత్తిరించి, దాణాతో కలిపి పెట్టాను. గొడ్లు వేసవంతా దాంతోనే గడుపుతాయి. గడ్డి తినే జీవమే కదా, ఇవీ గడుపుతాయనుకున్నాను. మా వైపు ఎవరైనా అలాగే అనుకుంటారు. కొట్టతను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

వారాలు గడిచేసరికి రెంటికీ బొచ్చు గరుకెక్కింది. నల్లది ఈల మానేసింది. తర్వాత వెనక కాళ్లు ఈడవడం మొదలుపెట్టింది. తట్ట దగ్గరకు వచ్చి, చొప్పను వాసన చూసి, అక్కడే పొట్ట ఆనించి పడుకునేది. కొట్టతనికి ఫోన్ చేశాను.

“అయ్యి అంతేనమ్మా, అర్ధాయుష్షు జీవాలు. ఈసారి వచ్చినప్పుడు ఇంకోటి తీసుకెళ్లండి, రేటు చూసి ఇస్తాలే.”

ఫోన్ పెట్టేశాను గానీ, ఇంకోటి తీసుకెళ్లమన్న మాట మరిచిపోలేదు. దాచుకున్నాను.

గురజాల పశువుల ఆసుపత్రికి బుట్టతో వెళ్లాను. గేదెలు, మేకల మధ్య నన్ను చూసి నవ్వనివాళ్లు లేరు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. నల్లదాని కాళ్లు నొక్కి చూసి, ఏం పెడుతున్నారని అడిగింది. చెప్పాను.

“గొడ్లకి సరిపోద్దండీ ఇది. వీటికి సరిపోదు. విటమిన్ సి గొడ్లు ఒంట్లోనే చేసుకుంటాయి. ఇవి చేసుకోలేవు, మనలాగే. చుక్కలు రాసిస్తా, కానీ చుక్కల మీదే బండి నడవదు. రోజూ పచ్చిది పడాలి. మునగాకు, కొత్తిమీర, జామ, ఏదైనా. మందు కొట్టంది మాత్రం చూసుకోండి.”

“పచ్చిది పడితే లేస్తుందా?”

“తొందరగా పడితే లేస్తది. ఆలస్యమైతే నేను మాటివ్వలేను.”

సంతలో కొత్తిమీర కొన్నాను. మందు కొట్టారా అని అడిగితే అమ్మే ఆమె, “కొట్టకుండా ఏది పండుద్దమ్మా ఈ రోజుల్లో,” అంది. నిజం చెప్పినందుకు ఆమె మీద కోపం రాలేదు. కొత్తిమీర పప్పులో వేశాను, గూట్లో వేయలేదు. నిమ్మరసం పిండి పెడితే నల్లది మొహం తిప్పుకుంది.

మందు వాసన తెలియని పచ్చటి చెట్టు మా చుట్టుపక్కల ఒక్కటే ఉంది. గోడవతల, గేదెను కడిగిన నీళ్లు పారే చోట, మా తోడికోడలి మునగచెట్టు. ఆ నీళ్లకు వేసవిలో కూడా చిగురు వేస్తుంది. దాని కొమ్మ ఒకటి మా వైపు వంగి ఉండేది. పసుపు గొడవ అయిన ఏడాదే ఆమె దాన్ని కొట్టించేసింది.

మా ఆయన అన్నాడు, “నేను పోయి అడుగుతాలే. మా వదినే కదా.”

“మీరడిగితే నేనడిగినట్టే.”

“అయితే నువ్వే అడుగు.”

“నేనడగను.”

“మరి ఆ నల్లదాని సంగతేందే?”

ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను మిషను దగ్గర కూర్చుని నల్లదాన్ని చూస్తూ ఉన్నాను. చింతపండు రంగుది దాని పక్కనే వచ్చి, ఒళ్లు ఆనించి పడుకుంది. అవి మామూలుగా తట్ట దగ్గర ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉండేవి. నల్లదానికి నెట్టే బలం పోయాక, రెండోది నెట్టడం మానేసింది. ఆ సాయంత్రం చుక్కలు వేస్తే సగం మూతి పక్కనుంచే కారిపోయాయి. ఇక రెండు దారులే. ఒకటి రోకలి సంగతి గుర్తుపెట్టుకుని ఇంట్లో కూర్చోవడం. ఇంకొకటి గోడ దగ్గరకు వెళ్లడం. రోకలిని నేను ఎక్కడున్నా గుర్తుపెట్టుకోగలను. దానికి ఇంట్లోనే కూర్చోనక్కర్లేదు.

పొద్దున్నే గోడ దగ్గర నిలబడ్డాను. ఆమె పేడ ఎత్తుతోంది. నేను ఆమె వైపు చూడలేదు. ఆమె గేదెను చూసి అన్నాను.

“బర్రెమ్మా, మీ మునగచెట్టుకి మందేమన్నా కొట్టారేమో కనుక్కుందామని వచ్చా.”

తట్టలో పడాల్సిన పేడ ఆమె చేతిలోనే ఉండిపోయింది. నేను తన గేదెతో మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. దాని అర్థం ఆమెకూ తెలుసు.

ఆమె కూడా గేదెకే చెప్పింది. “మందు కొడితే ఆ ఆకు మనం పప్పులో ఎట్టా ఏసుకుంటామే? ఆ మాత్రం తెలవదా?”

“ఒక కొమ్మ కావాల,” అన్నాను గేదెతో.

“ఎవరికంట?”

“పందికొక్కులకి,” అన్నాను.

ఆ మాట నా నోటితో నేనే అన్నాను. దానికన్నా ఎక్కువ ఎవరూ నన్ను అడగలేరు. ఆమె నవ్వుతుందని ఎదురుచూశాను. నవ్వితే ఇంకొకటి దాచుకునేదాన్ని. ఆమె నవ్వలేదు.

“ఏమైందంట బర్రె వాటికి?”

“నల్లది వెనక కాళ్లు ఈడస్తంది. రెండు రోజుల్నుంచీ సరిగ్గా తినలా.”

ఆమె చేతులు కడుక్కుని, కొడవలి కట్టిన గడకర్ర తెచ్చి లేత కొమ్మ లాగింది. చేతికివ్వలేదు, గోడ మీద పెట్టింది. నేనూ ఆమె వెనక్కి తిరిగేదాకా ఆగి తీసుకున్నాను.

మొదటి పూట నల్లది ఆకును నోటితో పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను మిషను తొక్కడం ఆపేశాను. చాలాసేపటికి దవడ కదిలింది. చింతపండు రంగుది తన రెమ్మ ముగించి దాని రెమ్మకు వచ్చింది, నేను పక్కకు తోశాను. మర్నాడు పొద్దున్నే గోడ దగ్గరకు వెళ్లాను. అడగాల్సిన పని రాలేదు. కొమ్మ అప్పటికే గోడ మీద ఉంది, గాలికి పోకుండా రాయి పెట్టి ఉంది.

ఆ తర్వాత రోజూ అంతే. చుక్కలు, మునగాకు. నల్లది ముందు లేచి నిలబడింది, తర్వాత నడిచింది, చివరికి తట్ట దగ్గర రెండోదాన్ని నెట్టింది. నెట్టిన రోజున నాకు దిగులు తీరింది.

ఒక రోజు గూడు వసారాలో కడుగుతుంటే గోడవతలి నుంచి మాట వినిపించింది. గేదెతో కాదు.

“ఏమే నల్లదానా, ఒళ్లు చేశావే. మా ఇంటి తిండి పట్టిందే నీకు.”

నా జంతువుతో మాట్లాడింది. నేను ఆమె గేదెతో ఒక్క పూట మాట్లాడాను, ఆమె నా నల్లదానితో అప్పటి నుంచి రోజూ మాట్లాడుతోంది. ఎవరిది పైచేయో చదివేవాళ్లే చూసుకోవచ్చు.

నేను ఎవరిదీ ఊరికే తీసుకునే మనిషిని కాను. గూడు ఊడ్చిన పెంట తట్టకెత్తి, గోడ మీద పెట్టడం మొదలుపెట్టాను. ఆమె దాన్ని మునగ మొదట్లో వేస్తోంది. “చూశావటే బర్రె, జానెడు లేని జీవాలు, వాటి ఎరువుకి చెట్టు ఎట్టా తిరిగిందో. నువ్వూ ఉన్నావు,” అని గేదెను దెప్పుతుంటే విన్నాను. ఆ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను. మంచి మాటలు కూడా నాకు గుర్తుంటాయి, తక్కువ వస్తాయి కాబట్టి అందరికీ తెలియదు.

పసుపు సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది ఆమె. ఆమె చిన్నకొడుక్కి సంబంధాలు చూస్తున్నారని విన్నాను. రోకలి ఎప్పుడు దించుతారో, కబురు ఎప్పుడొస్తుందో చూస్తాను.

పేట వెళ్లినప్పుడు నల్లదాన్ని బుట్టలో పెట్టుకుని, ఆ కొట్టుకు కూడా వెళ్లాను. కౌంటరు మీద దించాను. “ఇంకోటి తీసుకెళ్లమన్నారు కదా, ఇది ఆ పాతదే,” అన్నాను. కొనే జనానికి మునగాకు సంగతి చెప్పమని గట్టిగా చెప్పి వచ్చాను. చెబుతున్నాడో లేదో మళ్లీ వెళ్లి చూస్తాను.

ఎవరైనా అడిగితే ఇప్పటికీ గినీ పిగ్‌నే కొనమంటాను, పక్కింట్లో మునగచెట్టు ఉంటే. నా ఎంపికలో తప్పు లేదు. ఒక్కటే నాకు నచ్చలేదు. గూడు కడిగేది నేను, గోనెపట్టా తడిపేది నేను, ఆసుపత్రిలో అందరి నవ్వులూ పడింది నేను. ఇప్పుడు కత్తెర చప్పుడుకు అవి తలెత్తడం లేదు. పొద్దున్నే గోడవతల మునగకొమ్మ ఫట్‌మని విరిగినప్పుడు రెండూ ముందుకాళ్లు గూటి అంచు మీద పెట్టి, వీధంతా వినపడేలా ఈల వేస్తున్నాయి.

ఆ ఈల విని ఆమె నవ్వుతుంది. అదీ నాకు గుర్తుంది.